దీపాలొచ్చాక దబ్బనం

మొన్న సాయంత్రం రామచంద్రపురం బజారులో వంకాయల దగ్గర బేరం మొదలుపెట్టాను. వంకాయలు కూరకి, బేరం నాకు. అమ్మే మనిషి చెప్పిన ధరలో సగం దగ్గర నేను కూర్చున్నాను. ఆవిడ తన ధర మీంచి ఒక్క మెట్టు దిగింది. ఆట రక్తికట్టే వేళకి కరెంటు పోయింది. వెనకనున్న కళ్యాణ మండపం వాళ్ళ జనరేటరు రెండుసార్లు దగ్గి అందుకుంది. నల్లటి పొగ బజారు మీదుగా సాగి మా ఇద్దరి మధ్యకీ వచ్చింది.

నేను సంచి తెరిచి "వేసెయ్" అన్నాను.

ఆవిడ కాటా పట్టుకునే నా మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగోలేదాండీ అమ్మగారూ?"

"బానే ఉంది. ఏం?"

"ఏం లేదండీ. ఇన్నేళ్ళనుంచి కొంటన్నారు, చెప్పిన ధరకి ఊఁ అనడం ఇదే మొదలండి. ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి."

పడుకుంటే పోయేది కాదది. నా చిన్నప్పుడు ఆ పొగ వాసన మా ఊరందరి జుట్టులోనూ ఉండేది.

మా ఊరు కోనసీమలో కాలవ ఒడ్డునున్న చిన్న పట్నం. సముద్రం హోరు వినపడేంత దగ్గర. కానీ పొద్దుగూకాక ఆ హోరు మాకు వినపడేది కాదు, పవర్‌హౌసు ఇంజను వినపడేది. కాలవ గట్టున రేకుల షెడ్డు, అందులో ఏనుగంత ఇంజను, దాని పక్కన మనిషిని మించిన చక్రం. దానికి తాగడానికి ఆయిలు పీపాల్లో పడవ మీద వచ్చేది. పలకలు వేసి పీపాలు దొర్లిస్తుంటే గట్టంతా అదిరేది. పొద్దుగూకే వేళకి ఇంజను ఎత్తుకుంటే తెల్లారేదాకా దాని చప్పుడే. పసిపిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవారు, ఆగితే లేచి ఏడ్చేవారు.

ఇంజను చల్లబడటానికి కాలవ నీళ్ళు తోడి దాని ఒంట్లో తిప్పేవారు. ఆ నీళ్ళు వేడెక్కి షెడ్డు బయట సిమెంటు తొట్టెలో పడేవి. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలందరూ ఆ తొట్టె గట్టున వరసగా కూర్చుని కాళ్ళు ముంచేవారు. మా నాయనమ్మ వాళ్ళకి పెద్ద. ఊళ్ళో ఏ కోడలు ఏ కూర మాడ్చిందో ఆ తొట్టె దగ్గరే తేలేది. "కాకినాడ డాక్టరు ఇచ్చిన తైలం కంటే ఈ ఇంజను నీళ్ళే నయమే" అనేది నాయనమ్మ, కాళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎప్పుడూ ఆయిలు వాసన వేసేవి.

మాది బజారులో మూడో కొట్టు. ఉప్పు, చింతపండు, తాళాలు, మేకులు, సూదీ దారం, అన్నీ అందులోనే. ఒక చలికాలం అమ్మ పురిటికి రాజోలు దగ్గర పుట్టింటికి వెళ్ళింది. తమ్ముడు చంకపిల్లాడు కాబట్టి వాణ్ణి తీసుకెళ్ళింది. నాకు బడి ఉంది కాబట్టి నన్ను వదిలేసింది. నాన్నకి కొట్లో ఉన్నంతసేపూ నోట్లో బెల్లం ఉండేది. "దయచెయ్యండి అన్నయ్యగారూ, ఏం వదినగారూ, బొత్తిగా కనిపించడం మానేసేరు" అని వచ్చినవాళ్ళందరినీ వరసలు కలిపి పిలిచేవాడు. కొట్టు కట్టి ఇంట్లోకి వచ్చేసరికి ఆ మాటలన్నీ అమ్ముడైపోయేవి. నాకు "తిన్నావా?" ఒక్కటి మిగిలేది.

నేను వసారాలో గవ్వలు, చింతపిక్కలు పరిచి కొట్టు పెట్టుకునేదాన్ని. అమ్మేదాన్నీ నేనే, కొనేదాన్నీ నేనే. ఇటు కూర్చుని ధర చెప్పి, అటు వెళ్ళి కూర్చుని విరగ్గొట్టేదాన్ని. ఎప్పుడూ కొనేదే గెలిచేది. గెలిచాక చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు.

మా బజారులో ఒక పట్టింపు ఉండేది. దీపాలు పెట్టాక ఉప్పు, సూది, ఇనప వస్తువు గడప దాటకూడదు. దాటితే వాటి వెనకే లక్ష్మి కూడా వెళ్ళిపోతుందని. పవర్‌హౌసు వచ్చాక దీపాల వేళంటే కొట్లో బల్బు వెలిగే వేళ అని స్థిరపడింది. బల్బు వెలగ్గానే నాన్న తక్కెడ వదిలి దానికి దణ్ణం పెట్టుకునేవాడు. నాయనమ్మ సూదుల డబ్బా మూత పెట్టేసేది.

ఆ పట్టింపు వల్ల ఊరంతటిలో ఇబ్బంది పడ్డవాడు ఒక్కడే, ఆ బల్బులు వెలిగించే మనిషి.

ఇంజను డ్రైవరుగారికి నడివయసు. భార్య పోయింది, పిల్లల్లేరు. అంతకుముందు మండపేటలో బియ్యం మిల్లు ఇంజను నడిపేవాడట. రాయవరంలో అక్కగారు ఉంది గానీ బావగారికి ఈయన పొడ గిట్టదు. షెడ్డు పక్క గదే ఆయన ఇల్లు. రాత్రంతా ఇంజనుతో మేలుకుని పొద్దుటపూట పడుకునేవాడు. మధ్యాహ్నం లేస్తే సాయంత్రం దాకా ఆయిలు వడకట్టుకోవాలి. దీపాలు వేసి, ఇంజను కుదురుకున్నాక, చెవుడున్న ముసలి సహాయకుణ్ణి దాని దగ్గర కూర్చోబెట్టి అప్పుడు బజారుకి వచ్చేవాడు.

ఒకనాడు ఆ వేళకి మా కొట్టు ముందు నిలబడి "అమ్మా, ఒక శేరు ఉప్పు ఇప్పిస్తారాండీ?" అన్నాడు.

"దీపాలొచ్చేయి కదూ నాయనా" అంది నాయనమ్మ.

"ఆయ్, వచ్చేయండీ. నేనే పంపేనండీ."

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "పంపేవాడివి ఉప్పు పట్టుకెళ్ళి అప్పుడు పంపొచ్చుగా."

"పంపడం ఆలస్యమైతే మీరందరూ కేకలేస్తారండీ. పంపేక వస్తే ఉప్పివ్వరండీ. నన్నేం చెయ్యమంటారండీ?"

"ఇవాళ్టికి చప్పిడి తిను. ఒంటికి మంచిది."

ఆయన నవ్వి, తల ఊపి వెళ్ళిపోయాడు. కోపం రాని మనిషిని నేను అంతవరకు చూడలేదు. వీధి మలుపు దాకా వెంటపడి "మావయ్యగారూ" అని పిలిచాను. "రేపు బడినుంచి వస్తూ ఉప్పు నేను తెచ్చిస్తాను. నాకేం ఇస్తారు?"

"నీకేం కావాలమ్మడూ?"

"దీపాలు నేను వెయ్యాలి."

అది నా మొదటి ధర. కాదంటే ఇంజను ముట్టుకోనిమ్మందామని, అదీ కాదంటే చక్రం దగ్గర నిలబడనిమ్మందామని కింద రెండు మెట్లు సిద్ధం చేసుకునే వచ్చాను.

"ఆయ్, సరే" అన్నాడాయన.

నాకు నష్టం వచ్చినట్టు అనిపించింది.

మర్నాటినుంచి రోజూ బడి వదలగానే పవర్‌హౌసుకే. ఉప్పు, సూది, అగ్గిపెట్టె, ఏది కావాలంటే అది పగలే చేరేసేదాన్ని. ఆయన వేడి గొట్టం మీద తడి గోనెలో చుట్టి చిలకడదుంపలు మగ్గబెట్టేవాడు. తొక్క తీస్తే పొగలు కక్కేవి, చివర్లో కాస్త ఆయిలు రుచి తగిలేది. ఇద్దరం ఊదుకుంటూ తినేవాళ్ళం. ఆయన ఇంజను గురించి చెప్పేవాడు, నేను కొట్లో విన్నవన్నీ చెప్పేదాన్ని. వింటున్నంతసేపూ ఆయన చేతులు కొబ్బరిపీచుతో తుడుచుకుంటూనే ఉండేవాడు, అవి ఎప్పటికీ తెల్లబడేవి కావు.

పొద్దు వాలాక పాలరాతి పలక ముందు ముక్కాలి పీట వేసి నన్ను ఎక్కించేవాడు. పలక మీద రాగి రెక్కల మీటలు మూడు, మూడు వీధులకి. బజారు వీధిది నాది. చెక్క పిడి మీద నా చెయ్యి, దాని మీద ఆయన చెయ్యి. "ఊఁ, వెయ్యి" అనగానే నీలంగా ఒక మెరుపు మెరిసేది. కిటికీలోంచి చూస్తే బజారంతా పచ్చగా వెలిగి ఉండేది. ఇప్పుడు నాన్న దణ్ణం పెట్టుకుంటున్నాడు అనుకునేదాన్ని. ఎవరు వేసిన దీపానికి పెడుతున్నాడో ఆయనకి తెలియదు. రోజంతటిలో మా నాన్నకీ నాకూ మధ్య జరిగే పెద్ద మాట అదే.

ఆ నెలలోనే కాలవ అవతలి గట్టున స్తంభాలు పాతడం మొదలైంది. ఎక్కడో కొండల దగ్గర నీళ్ళతో పుట్టిన కరెంటు తీగల మీద నడిచి మా ఊరికి వస్తుందట, పగలూ రాత్రీ ఉంటుందట. బజారంతా సంబరపడింది. డ్రైవరుగారు మాత్రం స్తంభాలకేసి చూసి "గాలివానొస్తే ఆ తీగలు ఆగవమ్మడూ. ఇంజను ఉంచుకోవాలి" అన్నాడు.

పంచాయతీ వాళ్ళకీ అదే అనుమానం వచ్చింది. ఇంజనుని అక్కరకి ఉంచడమా, అమ్మెయ్యడమా తేల్చడానికి కాకినాడనుంచి ఇంజనీరుగారు వస్తారన్నారు. ఒక సాయంత్రం ఆయన ఎదురుగా రెండు గంటలు తడబడకుండా నడిస్తే ఇంజను ఉంటుంది. ఇంజను ఉంటే డ్రైవరుగారు ఉంటాడు, ఆయన గదీ ఉంటుంది. లేకపోతే రాయవరంలో బావగారి అరుగే గతి. ఆ సంగతి ఆయనే చెప్పాడు, దుంప తొక్క తీస్తూ, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు.

ఇంజనీరుగారు వచ్చే రోజున నేను వెళ్ళేసరికి డ్రైవరుగారు నేల మీద చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో ఆయిలు వడకట్టే మందపాటి సంచి. ఆయిలు పీపాల అడుగున మడ్డి ఉండేది, అది ఇంజనులోకి పోకుండా ఆ సంచి ఆపేది. దాని కుట్టు జానెడు మేర ఊడిపోయింది. కుడుతుంటే ఉన్న ఒక్క దబ్బనం రెండు ముక్కలైంది.

"అమ్మడూ, పరిగెత్తుకెళ్ళి మీ కొట్లోంచి ఒక దబ్బనం పట్టుకురా తల్లీ. ఇంజనీరుగారు పడవ దిగేలోపు ఇది కుట్టెయ్యాలి."

ఆయన గొంతులో తొందర వినడం అదే మొదటిసారి. బజారులో పుట్టిన పిల్లని. ఎదుటివాడి అవసరం కంటపడితే ధర దానంతట అదే పైకి పోతుంది.

"అయితే ఇవాళ మీట నేనొక్కదాన్నే వేస్తాను. మీ చెయ్యి ఉండకూడదు. ఇంజనీరుగారు చూస్తుండగా వెయ్యాలి."

"ఇవాళొద్దు తల్లీ. చిన్నపిల్ల చేత వేయించేనంటే ఆయన ఏం రాస్తారో ఏమో."

"అయితే రేపట్నుంచి మూడు వీధులూ నావే."

"సరే."

"నెల్లాళ్ళు."

"సరేనమ్మా, వెళ్ళు."

ఆయన సరే అన్నకొద్దీ ఇంకా పిండవచ్చని అనిపించింది. మళ్ళీ మొదటికే వచ్చాను. ఇవాళే వేస్తానన్నాను. ఆయన ఈసారి తల అడ్డంగా ఊపాడు. అంతవరకు ఎప్పుడూ కాదనని మనిషి కాదనేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. బయలుదేరాను గానీ పరిగెత్తలేదు. నడిచాను. కొనేవాడు వెనక్కి పిలవాలంటే మెల్లగా నడవాలని మా బజారులో అందరికీ తెలుసు. ఆయన పిలవలేదు. దారిలో జీళ్ళు చేసే అతను బెల్లంపాకాన్ని మేకుకి తగిలించి లాగుతున్నాడు. ఎర్రటి పాకం లాగగా లాగగా తెల్లబడేదాకా నిలబడి చూశాను.

కొట్టు మెట్టు మీద కాలు పెట్టాను. బల్బు వెలిగింది.

ఇంజనీరుగారు అనుకున్నదానికంటే ముందే పడవ దిగి, కానిమ్మన్నారట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నాన్న కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకోవడం, నాయనమ్మ సూదుల డబ్బా మూత పెట్టడం.

"నాయనమ్మా, దబ్బనం. పవర్‌హౌసుకి."

"దీపాలొచ్చేయి."

"సూది కాదే, దబ్బనం."

"దబ్బనం సూదికి పెద్దన్నయ్యే కదే. రేపు పొద్దున్న పట్టుకెళ్ళు."

"ఇప్పుడే కావాలి. ఇంజను పాడైపోతుంది."

నాయనమ్మ నన్ను దగ్గరికి లాగి, వచ్చినవాళ్ళకి వినపడకుండా చెప్పింది. "మీ అమ్మకి ఇవాళో రేపో. ఇలాంటప్పుడు ఇనుము గడప దాటించమంటావా?"

డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఎన్నోసార్లు అందులోంచి చెప్పకుండా తీసినదాన్నే. కానీ అమ్మ మొహం కళ్ళముందుకి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఈసారి పరిగెత్తాను. షెడ్డు గుమ్మంలో నిలబడేసరికి ఇంజనీరుగారు గడియారం చూసుకుంటున్నారు. డ్రైవరుగారు నా మొహం చూడలేదు, చేతులు చూశాడు. చూసి ఇంజను వైపు తిరిగాడు. సంచి చిరుగుని పురికొసతో బిగించి కట్టుకున్నాడు.

అరగంట బాగానే నడిచింది. ఆ తర్వాత ఇంజనుకి పొలమారింది. ఒక దెబ్బ తప్పింది, మళ్ళీ అందుకుంది, మళ్ళీ తప్పింది. షెడ్డులో బల్బు నిప్పుకణికలా ఎర్రబడింది. ఆయన ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తాడు, ఏవో తిప్పాడు, ఆయిలు గొట్టం మీద అరచేత్తో కొట్టాడు. చక్రం నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయింది. షెడ్డంతా చీకటైంది. సముద్రం వినపడింది. ఇంజనీరుగారు చేతి లైటు వెలిగించి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ గుమాస్తా డ్రైవరుగారిని వెంటబెట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. "ఈయన దబ్బనానికి మీ పిల్లని పంపితే మీరు ఇవ్వలేదటగా. మీ కొట్టువల్లే ఊరి దీపాలు ఆరిపోయేయని రాసుకోమంటారా?"

నాయనమ్మ మొహం పాలిపోయింది. ఆవిడ దేనికీ భయపడగా నేను చూడలేదు. బజారులో కొట్లవాళ్ళందరూ గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. నాన్న మెట్టు దిగి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నా మొహంలోకి చూశాడు.

"చెప్పమ్మా. నిన్ను ఎప్పుడు పంపేరు?"

నాన్న నా ఎత్తుకి వంగి మాట్లాడటం ఆ చలికాలంలో అదే మొదలు. నేను బేరమాడానని, నడిచానని, జీళ్ళపాకం చూశానని చెప్పాలి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"సరిగ్గా దీపాలొచ్చే ముందు పంపేరు. వచ్చేసరికి వెలిగిపోయేయి."

గుమాస్తా అటు తిరిగాడు. "ఏవయ్యా, అంత ఆలస్యంగా పంపేవా?"

డ్రైవరుగారు నాకేసి చూశాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోపం ఉంటే బాగుండేది. దుంప వేడిగా ఉంది, ఊదుకుని తిను అన్నప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

"ఆయ్, నిజమేనండీ. నేనే ముందు చూసుకోలేదండీ."

గుమాస్తా రాసుకున్నాడు. నాయనమ్మ గట్టిగా ఊపిరి తీసుకుంది. నాన్న నా తల మీద చెయ్యి వేసి, కొట్లోకి వెళ్ళేదాకా తియ్యలేదు. ఒక్క అబద్ధానికి అంత ధర పలుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

రెండ్రోజులకి రాజోలునుంచి కబురు వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఇనుము గడప దాటనందుకే అంది నాయనమ్మ. ఆ వారంలోనే డ్రైవరుగారిని పొమ్మన్నారు. వెళ్ళే ముందు పగటిపూట కొట్టుకి వచ్చాడు. పగలు ఆయన్ని బజారులో చూడటం అందరికీ కొత్త. ఎండలో బాగా ముసలివాడిలా కనిపించాడు.

"అమ్మడుందాండీ?" అన్నాడు.

"బడికెళ్ళిందండీ" అన్నాడు నాన్న. నిజంగా అలాగే అనుకున్నాడు.

నేను బియ్యం బస్తాల వెనక ఉన్నాను. "ఆయ్, మంచిదండీ" అని ఆయన రేవు వైపు వెళ్ళిపోవడం బస్తాల సందులోంచి చూశాను. భుజం మీద రేకు పెట్టె, చేతిలో చిన్న మూట. పిలిస్తే వినపడేంత దూరం చాలాసేపు ఉన్నాడు.

అందాకా లాంతర్లతో నెట్టుకొచ్చాం. ఎండాకాలానికి తీగల మీద కరెంటు వచ్చింది. పగలు కూడా బల్బు వెలిగేది. కొన్నాళ్ళకి నాన్న దానికి దణ్ణం పెట్టడం మర్చిపోయాడు. ఆ పై ఏడు గాలివానకి స్తంభాలు వరసగా పడిపోయి ఊరు పది రోజులకి పైగా చీకట్లో ఉంది. ఇంజనుని అప్పటికే ముక్కలుగా కోసి పడవ మీద పంపేశారు. తొట్టెలో వాన నీళ్ళు నిలిచి పాచి పట్టింది. నాయనమ్మకి చలికాలం వచ్చిందంటే మోకాళ్ళు పట్టేసేవి. నేను కాళ్ళు పిసుకుతుంటే "ఆ డ్రైవరు కాస్త ముందు పంపి ఉంటే" అనేది. పోయేదాకా ప్రతి చలికాలమూ అంది. నేను ఇంకాస్త గట్టిగా పిసికేదాన్ని.

పెళ్ళయ్యాక ఈ రామచంద్రపురం వచ్చాను. రాయవరం ఎంతో దూరం కాదు. ఏదో పనిమీద ఆ ఊరి మీదుగా చాలాసార్లు బస్సులో వెళ్ళాను. బస్సు ఆగిన ఆ రెండు నిమిషాలూ దిగుదామా వద్దా అని నాతో నేనే బేరమాడుకునేదాన్ని. ఈసారి చుట్టాలున్నారు వెంట, ఈసారి చేతిలో సామానుంది, వచ్చేసారి తప్పకుండా. కండక్టరు రైట్ అనేవాడు. నా గుండె కుదుటపడేది.

ఒక ఏడు లెక్కేసుకుంటే ఆయన ఇక బతికి ఉండే వయసు దాటిపోయాడని తేలింది. ఆ ఏడే మొదటిసారి దిగాను. సరుకు లేదని ఖాయం చేసుకున్నాక ధర అడిగే మనిషిని నేను.

బస్టాండు పక్క టీకొట్టు అతను ఎవరికోసమండీ అని అడిగాడు. చెప్పబోతే పేరు రాలేదు. ఊళ్ళో అందరూ డ్రైవరుగారనే వారు, నేను మావయ్యగారూ అనేదాన్ని. పేరేమిటని ఎన్నడూ అడగలేదు. ఎవరికోసమూ కాదన్నాను. అతను టీ పోసి ఇచ్చి, ఎండగా ఉంది లోపల కూర్చోండి అన్నాడు. తర్వాతి బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.